ఈ వయసులో ఎందుకంటారా?

"నలభై అయిదేండ్లొచ్చినాయి. ఇద్దరు బిడ్డల తల్లివి. ఇప్పుడెందుకు మే నీకు ఈ పరీక్షలు?"

మా అమ్మ అడిగింది ఈ మాట. తరవాత మా ఆడబిడ్డ అడిగింది. ఆఫీసులో స్నేహితురాలు అడిగింది. ఆఖరికి నేను వెళ్లిన మొదటి డాక్టరు కూడా మాటలు మార్చి అదే అడిగాడు. ఎవరికీ సరైన జవాబు చెప్పలేకపోయాను. ఎదుట మనిషి ఉంటే నాకు మాట వెంటనే రాదు. అందరూ పడుకున్నాక, గిన్నెలు తోముతున్నప్పుడు వస్తుంది. అందుకే ఆ జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

మాది తిరుపతి. కొండ కిందే పుట్టాను, ఇక్కడే పెరిగాను, ఇక్కడే కాపురం. ఒక బ్యాంకులో లెక్కలు చూస్తాను. 2023లో నాకు ఆటిజం ఉందని తేలింది. "అదేమిటి, ఆటిజం చిన్నపిల్లలకు కదా!" అంటున్నారు కదూ? నేనూ అలాగే అనుకునేదాన్ని.

అసలు సంగతి మా తమ్ముడి కొడుకుతో మొదలైంది. వాడికప్పుడు అయిదో ఏడు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. గంటల తరబడి ఫ్యాను రెక్కలే చూస్తూ కూర్చుంటాడు. కుక్కరు కూత వేస్తే చెవులు మూసుకుని మంచం కింద దూరతాడు. అమ్మ, మరదలు, నేను కలిసి వాణ్ణి పరీక్షకు తీసుకువెళ్లాం. సైకాలజిస్టు అమ్మాయి ఒక్కొక్క ప్రశ్నే అడుగుతోంది. మాట ఎప్పుడొచ్చింది? తోటి పిల్లలతో ఆడతాడా? బట్టలు గుచ్చుకుంటున్నాయని ఏడుస్తాడా? రోజూ వెళ్లే దారి మారిస్తే గొడవ చేస్తాడా? మరదలు జవాబు వెతుక్కునేలోగా నా మనసు 'అవును' అంటోంది. వాడి గురించి కాదు, నా గురించి.

అంతలో అమ్మ అందుకుంది. "ఏం భయం లేదు తల్లీ. మా పెద్దది కూడా ఇట్లానే ఉండేది. నాలుగేండ్ల దాకా మాటే లేదు. పెరిగేకొద్దీ అదే సర్దుకునింది."

ఆ అమ్మాయి కలం ఆపి నా వైపు చూసింది. నేను వెంటనే నవ్వాను. ఎవరైనా చూస్తే నవ్వాలని నేను ఎనిమిదో తరగతిలో నేర్చుకున్నాను మరి.

సర్దుకునింది! మన ఆడవాళ్ల జీవితాలన్నీ ఈ ఒక్క మాటలో పట్టేస్తాయి కదా. నేను ఈరోజు చెప్పదలచుకున్నది ఆ మాట గురించే. మగపిల్లాడిలో కనబడితే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే లక్షణాన్ని, ఆడపిల్ల దాచుకోవడం నేర్చుకుంటే 'సర్దుకుంది' అని మెచ్చుకుంటాం. ఆ దాచుకోవడానికి ఆమె ఎంత మూల్యం చెల్లిస్తోందో ఎవరూ లెక్క అడగరు.

నా లెక్క

నాకు మాట వస్తే కాలినడకన కొండకు తీసుకొచ్చి తలనీలాలు ఇప్పిస్తానని అమ్మ మొక్కుకుందట. మాట వచ్చింది. అలిపిరి నుంచి నడిపించింది. 3,550 మెట్లు అని అందరూ అంటారు. అక్షరాలూ అంకెలూ వచ్చినప్పటి నుంచీ ఎక్కిన ప్రతిసారీ నేను ఒక్కొక్కటీ లెక్కపెడుతూనే ఉన్నాను. లెక్క నోట్లో ఆడుతున్నంతసేపూ చుట్టూ జనం ఉన్నారన్న సంగతి మరిచిపోతాను.

పైకి వెళ్లాక వైకుంఠం క్యూ కాంప్లెక్సులో మాత్రం ఏ లెక్కా పనిచేయదు. గోవింద నామాలు, పసిబిడ్డల ఏడుపు, చెమట, భుజానికి భుజం రాపిడి, "జరగండి, జరగండి" అనే కేకలు. అందరికీ ఒళ్లు పులకరిస్తుంది. నాకు ఒళ్లంతా సూదులు గుచ్చినట్టుంటుంది. భక్తి లేక కాదు. తట్టుకోలేక కళ్లు గట్టిగా మూసుకుని, పెదవులు కదుపుతూ ఎక్కాలు చదువుకునేదాన్ని. పక్కనున్న పెద్దావిడ "ఎంత భక్తి ఈ పాపకు!" అని మెచ్చుకునేది.

బళ్లో ఆడపిల్లలు ఎప్పుడు నవ్వుతారో, ఎంతసేపు నవ్వుతారో, ఎదుటివాళ్లు ఏడిస్తే ఏమంటారో గమనించి నేర్చుకున్నాను, తెలుగు వ్యాకరణం నేర్చుకున్నట్టు. పెళ్లిళ్లకు వెళితే అడగడానికి మూడు ప్రశ్నలు తయారుగా పెట్టుకునేదాన్ని: బాగున్నారా, పిల్లలేం చదువుతున్నారు, భోజనం చేశారా. నాలుగో మాట ఎవరైనా మొదలుపెడితే మంచినీళ్ల వంకతో తప్పుకునేదాన్ని. పెళ్లిచూపుల ముందు రోజు అమ్మ నాకు జవాబులు అప్పజెప్పించింది. ఎవరి ముఖం ఎంతసేపు చూడాలో కూడా చెప్పింది. పెళ్లికొడుకు తరఫు వాళ్లు "అణకువ గల పిల్ల" అన్నారు.

కాపురానికొచ్చాక అణకువ కాస్తా పొగరైంది. "కోడలు పలకరించదు, మనుషులొస్తే లోపలికి పోతుంది" అన్నారు అత్తవారింట్లో. చెప్పకుండా చుట్టాలొస్తే నా గుండె దడదడలాడేదని వాళ్లకేం తెలుసు? పట్టుచీర జరీ ఒంటికి తగిలితే ఆ పూటంతా నాకు ఇంకే ధ్యాసా ఉండదు. ఊరిబిండి నూరడానికి ఎవరైనా మిక్సీ వేస్తే పెరట్లోకి పరుగెత్తేదాన్ని. కల్యాణ మండపంలో బ్యాండు మేళం మధ్య మూడు గంటలు నవ్వుతూ నిలబడి వస్తే, మర్నాడు చీకటి గదిలో పడుకోవాలి. దానికి ఇంట్లో పెట్టిన పేరు 'తలనొప్పి'. డాక్టర్లు ఒకరు మైగ్రేన్ అన్నారు, ఒకరు నరాల బలహీనత అన్నారు, ఒకరు ఆందోళన అన్నారు. ఇరవై ఏళ్లు మాత్రలు మింగాను. నిద్ర వచ్చింది గానీ నేనెందుకిలా ఉన్నానో తెలియలేదు.

అన్నిటికంటే కష్టమైనది ఈ అలసట కాదు. నాలో ఏదో చెడ్డతనం ఉంది, మనుషులంటే ప్రేమ లేదు అని నలభై ఏళ్లు నన్ను నేనే నిందించుకోవడం.

ఎందుకు కనబడలేదు?

ఆటిజం పెద్దయ్యాక వచ్చేది కాదు. పుట్టుకతోనే మెదడు ఎదుగుదలలో ఉండే తేడా. ఒకవైపు మనుషులతో మాటా మంచీ, ముఖకవళికలు చదవడం కష్టమవుతుంది. మరోవైపు ఒకే అలవాటును, ఒకే ఆసక్తిని పట్టుకుని ఉండడం, శబ్దం, వెలుతురు, స్పర్శ తట్టుకోలేకపోవడం ఉంటాయి. ఇది మందుతో పోయే జబ్బు కాదు. కొందరికి మాటే రాదు, జీవితమంతా ఒకరి తోడు కావాలి. కొందరు నాలా ఉద్యోగం చేస్తూ, పిల్లల్ని పెంచుతూ ఉంటారు. అందుకే దీన్ని 'స్పెక్ట్రమ్' అంటున్నారు.

దీని చరిత్ర చూస్తే మనం ఎందుకు కనబడలేదో తెలుస్తుంది. 1925లో మాస్కోలో గ్రున్యా సుఖరేవా అనే వైద్యురాలు ఇలాంటి ఆరుగురు పిల్లల గురించి రాసింది. ఆరుగురూ మగపిల్లలే. 1943లో అమెరికాలో లియో కానర్ 11 మంది పిల్లల గురించి రాశాడు. అందులో ఆడపిల్లలు ముగ్గురే. 1944లో వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ వర్ణించిన నలుగురూ మగపిల్లలే. అలా మగపిల్లల్ని చూసి గీసిన బొమ్మే దశాబ్దాల పాటు డాక్టర్ల మనసులో ఉండిపోయింది. మాట వచ్చిన వాళ్లలో, చదువుకున్న వాళ్లలో కూడా ఇది ఉంటుందని ఇంగ్లండులో లోర్నా వింగ్ 1981లో గట్టిగా చెప్పింది. ఆమె డాక్టరే కాదు, ఆటిజం ఉన్న కూతురికి తల్లి కూడా. 2013లో అమెరికా మానసిక వైద్యులు తమ గ్రంథంలో వేర్వేరు పేర్లన్నీ కలిపి 'ఆటిజం స్పెక్ట్రమ్' అనే ఒక్క పేరు కిందికి తెచ్చారు. నలుగురు మగపిల్లలకు ఒక ఆడపిల్ల అని చాలాకాలం చెప్పేవారు. పాత పరిశోధనలన్నీ కలిపి చూసిన 2017 నాటి ఒక సమీక్ష ఆ లెక్క మూడుకు ఒకటికి దగ్గరగా ఉంటుందని, ఆడపిల్లల్ని గుర్తించడంలో పొరపాటు జరుగుతోందని తేల్చింది.

మన దేశం సంగతి చూడండి. 1995లో వికలాంగుల చట్టం వచ్చేటప్పటికి నేను ఇంటర్ చదువుతున్నాను. అందులో ఏడు రకాల వైకల్యాలున్నాయి, ఆటిజం లేదు. 1999లో నేషనల్ ట్రస్టు చట్టంలో ఆ పేరు కనబడింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లో అదీ ఒకటి. అంటే నా చిన్నతనంలో మా అమ్మ ఏ తలుపు తట్టినా ఆ పేరు వినబడేది కాదు. ఆమె తట్టింది ఏడుకొండలవాడి తలుపు. అది తప్పని నేననను. ఆ రోజుల్లో తెరిచి ఉన్న తలుపు అదొక్కటే.

రెండు గదులు

నేను వెళ్లిన మొదటి డాక్టరు పది నిమిషాలు మాట్లాడాడు. "పెళ్లయింది, పిల్లలున్నారు, బ్యాంకు ఉద్యోగం. నా కళ్లలోకి చూసి మాట్లాడుతున్నారు. మీకు ఆటిజం ఎలా ఉంటుందమ్మా? ఫోనులో వీడియోలు చూడ్డం తగ్గించండి" అన్నాడు. నేను ఆయన కళ్లలోకి చూడలేదు. కనుబొమల మధ్య చూశాను. అది కూడా నేను నేర్చుకున్న విద్యే. ఆ మాట ఆయనకు చెప్పాలని రాత్రి పది గంటలకు తట్టింది.

ఎనిమిది నెలలు ఊరుకున్నాను. తరవాత పొరుగు రాష్ట్రంలో ఒక పెద్ద ఆస్పత్రికి వెళ్లాను. అక్కడి డాక్టరు మూడు సార్లు పిలిచి, గంటల కొద్దీ మాట్లాడారు. రాతపూర్వకంగా ప్రశ్నలిచ్చారు. ఆందోళన, దిగులు, ఒకే పని పదేపదే చేసే జబ్బు, ఏకాగ్రత లోపం ఇవన్నీ పైకి ఆటిజంలాగే కనబడవచ్చునట. వాటిని ఒక్కొక్కటిగా వేరుచేసి చూశారు. చివరికి, "మీ చిన్నతనం తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు.

ఇక్కడే అసలు చిక్కు. ఇది పుట్టుకతో వచ్చే తేడా కనుక పసితనంలో లక్షణాలు ఉన్నాయో లేదో తెలియాలి. అది చెప్పగలిగేది అమ్మ. మా అమ్మకు డెబ్భై రెండేళ్లు. ఆమె మరిచిపోతే నా సాక్ష్యం పోయినట్టే. కానీ ఆమె నలభై ఏళ్లుగా ఆ సంగతి దాచిపెట్టిన మనిషి. నాకు ఆలస్యంగా మాట వచ్చిందని మా అత్తవారికి ఈనాటికీ తెలియదు.

బస్సులో దారి పొడుగునా అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. డాక్టరు గదిలోకి వెళ్లాక మాత్రం గంటన్నర చెప్పింది. చింతగింజలు గడప పొడుగునా వరస పేర్చేదాన్నట. ఒక్క గింజ కదిలితే ఊరంతా వినబడేలా ఏడ్చేదాన్నట. గుడిలో డోలు మోగితే ఊపిరి బిగబట్టేదాన్నట. రెండేళ్లు ఒకే గౌను తొడిగిందట, రాత్రి ఉతికి పొద్దున ఆరబెట్టి. అవన్నీ ఆమె తేదీలతో సహా గుర్తుపెట్టుకుంది. దాచిందే గానీ ఏదీ పారేయలేదు.

బయటికొచ్చాక బెంచీ మీద కూర్చుని అడిగింది: "నేను సరిగ్గా పెంచలేదనా మే, ఇది?"

ఒకప్పుడు అమెరికాలో డాక్టర్లే అలా అన్నారు. ప్రేమ లేని 'రిఫ్రిజిరేటర్ తల్లుల' వల్ల పిల్లలు ఇలా అవుతారని తల్లులకు నిందలు అంటగట్టారు. అది తప్పని బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లోనే పుస్తకం రాసి చెప్పాడు. ఆయన ఆటిజం ఉన్న పిల్లవాడి తండ్రి. ఇదంతా అమ్మకు నేను చెప్పలేదు. "రాత్రి ఉతికి పొద్దున తొడిగినావు చూడు, ఇంకెట్లా పెంచుతారు?" అన్నాను. మొదటిసారి తయారు చేసుకోకుండా, సమయానికి నాకు వచ్చిన మాట అది.

ఏం ఒరిగింది?

మందులేమీ ఇవ్వలేదు. నేను మారలేదు. నాకోసం ఇల్లు కొంచెం మారింది. మిక్సీ వేసేముందు మా వారు ఒక కేక వేస్తారు, నేను మేడ మీదికి వెళతాను. పెళ్లికి వెళితే తాళి కట్టగానే అక్షింతలు వేసి వచ్చేస్తాను. "ఆమెకు గోల పడదు" అని ఆయనే చుట్టాలకు చెబుతారు. ఆఫీసులో మాటల్లో చెప్పే పని కాగితం మీద రాసిమ్మని అడుగుతున్నాను. ఎవరూ కాదనలేదు. ఇంత చిన్న మాట అడగడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది. ఎందుకంటే, ఏమని అడగాలో తెలియలేదు. నాకే తెలియని కష్టాన్ని ఇంకొకరికి ఎలా చెప్పను? పేరు అందుకు కావాలి.

మా ఆడబిడ్డ నవ్వుతూ, "కొండ మీద దివ్యాంగుల క్యూ కోసమా వదినా?" అంది. కాదు. నడవలేని వాళ్ల చోటు నాకొద్దు. నేను ధ్రువపత్రమే అడగలేదు. ఆ పత్రం కావలసినవాళ్ల ఇబ్బంది మాత్రం చెప్పాలి. 2016లో కేంద్రం ఇందుకోసం ప్రకటించిన కొలతలో 40 అంశాలుంటాయి. 70 మార్కులు, ఆపైన వస్తే ఆటిజం ఉన్నట్టు. ఎదుట కనబడే ప్రవర్తన చూసే ఆ కొలత, ఆ ప్రవర్తనను దాచడమే జీవితమంతా నేర్చుకున్న ఆడదాన్ని ఎంతవరకు పట్టుకుంటుంది? మీరే చెప్పండి.

"ఈమధ్య ప్రతివాళ్లూ నాకదుంది, నాకిదుంది అంటున్నారు" అనే మాటలోనూ కొంత నిజముంది. ఫోనులో రెండు నిమిషాల వీడియో చూసి పేరు తగిలించుకోకూడదు. నాలాగే నీకూ అని ఇంకొకరికి అంటించనూ కూడదు. అందుకే తెలిసిన సైకియాట్రిస్టు, క్లినికల్ సైకాలజిస్టు కావాలంటున్నాను. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలకు పరీక్షలున్నాయి. మంచిదే. పద్దెనిమిది నిండితే? మాకు ఆస్పత్రులకు కొదవలేదు, వైద్య కళాశాల ఉంది, 1983 నుంచి మహిళా విశ్వవిద్యాలయం ఉంది. ఇలాంటి ఊళ్లోనైనా నెలకొక రోజు పెద్దవాళ్ల కోసం, ముఖ్యంగా ఆడవాళ్ల కోసం, తెలుగులో మాట్లాడుతూ ఈ పరీక్ష జరిగేలా చూడడం అంత పెద్ద కోరికా? పొరుగు రాష్ట్రానికి మూడు సార్లు వెళ్లడానికి నాకు జీతముంది, సెలవుంది, కాదనని మొగుడున్నాడు. అవేవీ లేని ఆమె సంగతేమిటి?

ఇక చివరి మాట. "ఇంట్లో చెప్పుకున్నావు సరే. బయట చెప్పొద్దు. పాప పెళ్లికుంది" అంది అమ్మ. ఈ భయం ఉత్తిది కాదు. సంబంధాలు వెతికేటప్పుడు ఇంటింటి చరిత్రా తవ్వుతారని నాకూ తెలుసు. అందుకే ఇది రాసేముందు డిగ్రీ చదువుతున్న మా అమ్మాయినే అడిగాను. కాసేపు ఆలోచించి, "నీకు అప్పజెప్పించినట్టు అవ్వ నాకు కూడా జవాబులు అప్పజెప్పించాలా? రాయమ్మా" అంది.

కాబట్టి, ఈ వయసులో ఎందుకని అడిగినవాళ్లకు నా జవాబు ఇది. మిగిలిన వయసైనా నన్ను నేను తిట్టుకోకుండా బతకడానికి. మా అమ్మ జ్ఞాపకం పోకముందే నా బాల్యం నాకు దక్కడానికి. మా తమ్ముడి కొడుకుకు "పెరిగితే సర్దుకుంటాడు" అని కాక, "నేనూ నీలాంటిదాన్నే" అని చెప్పేవాళ్లు ఇంట్లో ఒకరుండడానికి.

మీ ఇంట్లోనూ ఉండవచ్చు, పెళ్లిలో మూడు మాటలు మాట్లాడి మాయమయ్యే పిన్ని, ఎవరొచ్చినా వంటింట్లోనే ఉండిపోయే వదిన. ఆమెకు పొగరని తీర్పు చెప్పేముందు ఒక్కసారి అడగండి, "నీకేది కష్టంగా ఉంది?" అని. వెంటనే జవాబు రాకపోతే తొందరపెట్టకండి. రాత్రికి వస్తుంది. ఆ పిన్ని, ఆ వదిన మీరే అయితే, ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే, 2022లో ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416. అక్కడ తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం. ఏం మాట్లాడాలో ముందే కాగితం మీద రాసిపెట్టుకోండి. నేనూ అలాగే చేశాను.